జూడీ గార్లండ్ రేడియో అతిథి ప్రదర్శనలు: వెతికి, తేదీ తేల్చి, సరైన శ్రుతిలో వినే పద్ధతి

అమెరికన్ నటి, గాయని జూడీ గార్లండ్ సినిమాల జాబితా ఎక్కడ చూసినా ఒకేలా దొరుకుతుంది. ఆమె రేడియో జాబితా మాత్రం ఏ రెండు చోట్లా కలవదు. 1935 నుంచి 1950ల మొదటి సంవత్సరాల దాకా ఆమె అమెరికన్ రేడియో వెరైటీ షోలలో (పాట, హాస్యం, స్కెచ్ కలగలిపినవి) పాడుతూనే ఉంది. కొన్నిటికి రికార్డింగ్ మిగిలింది. కొన్నిటికి ఆనాటి పేపర్లో ఒక లైను మిగిలింది. మరికొన్నిటికి ఒకరి దగ్గర ఒకరు ఎత్తి రాసుకున్న తేదీ తప్ప ఏమీ లేదు. ఈ మూడింటినీ విడదీసి, దొరికిన ఫైలు నిజంగా ఏ షోదో, ఏ రోజుదో తేల్చి, ఆమె పాడిన శ్రుతిలోనే వినడం ఎలాగో ఇక్కడ ఉంది. గాయకుడు బింగ్ క్రాస్బీకైనా, ఆ కాలపు మరే తారకైనా పద్ధతి ఇదే.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆ పాటల్లో చాలా వాటికి మరో రూపం లేదు. 1942 ఆగస్టు 1న అమెరికన్ సంగీతకారుల సంఘం గ్రామఫోన్ రికార్డులకు వాయించడం ఆపేసింది. జూడీ రికార్డులు వేసే డెకా కంపెనీ 1943 సెప్టెంబర్‌లో సంఘంతో రాజీపడింది. విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబర్ దాకా పట్టుబట్టాయి. రేడియో ప్రత్యక్ష ప్రసారాలకు ఈ సమ్మె వర్తించలేదు. కాబట్టి ఆ నెలల్లో ఒక తార పూర్తి ఆర్కెస్ట్రాతో ఏం పాడిందో వినాలంటే సినిమా తర్వాత రేడియోనే దిక్కు.

ముందు ఏది 'అతిథి' ప్రదర్శనో తేల్చుకోండి

జాబితాలు తప్పడానికి మొదటి కారణం ఇదే. జూడీ రేడియో పనిని కనీసం నాలుగు కుప్పలుగా పెట్టాలి.

మొదటిది అసలైన అతిథి ప్రదర్శన. వేరొకరు నడిపే షోకు ఒక రాత్రి వచ్చి, నాలుగు మాటలు మాట్లాడి, ఒకటో రెండో పాటలు పాడి వెళ్లడం. ఎంజీఎం స్టూడియో ఆమెను తీసుకున్న కొద్ది వారాలకే, 1935 అక్టోబర్ 26న, వాలెస్ బీరీ నడిపిన 'షెల్ షాటో'లో ఆమె ఇలా వచ్చింది. నవంబర్ 16న మళ్లీ వచ్చింది. ఆ మర్నాడే ఆమె తండ్రి చనిపోయాడు.

రెండోది శాశ్వత బృందంలో సభ్యత్వం. 1937లో 'జాక్ ఓకీస్ కాలేజ్', 1939-40 సీజన్‌లో హాస్యనటుడు బాబ్ హోప్ 'పెప్సొడెంట్ షో' ఈ రకం. హోప్ షోలో ఆమె వారం వారం వచ్చే గాయని. ఆ ఎపిసోడ్లన్నిటినీ అతిథి ఖాతాలో వేస్తే అంకె ఉబ్బిపోతుంది, ఏ సంవత్సరం ఆమెకు గిరాకీ ఎక్కువో అసలు కనబడకుండా పోతుంది.

మూడోది స్టూడియో సొంత షో. ఎంజీఎం, మాక్స్‌వెల్ హౌస్ కాఫీ కలిసి నడిపిన 'గుడ్ న్యూస్'లో తారలంతా స్టూడియో జీతగాళ్లే, అందువల్ల అక్కడ జూడీని అతిథి అనాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఏదో ఒకటి నిర్ణయించుకుని చివరిదాకా అదే పాటించండి.

నాలుగోది నాటకం. 'లక్స్ రేడియో థియేటర్'లో 1942 డిసెంబర్ 28న 'ఎ స్టార్ ఈజ్ బోర్న్', 'సస్పెన్స్'లో 1946 నవంబర్ 21న 'డ్రైవ్ ఇన్' లాంటివి. ఇవి వెరైటీ కావు. వేరే షీట్‌లో పెట్టండి.

అతిథిగా మొదలై ఇంటివాళ్లైపోయిన తారలూ ఉన్నారు. నటుడు రోనాల్డ్ కోల్మన్, ఆయన భార్య బెనిటా 1945 డిసెంబర్ 9న హాస్యనటుడు జాక్ బెనీ షోకు పక్కింటివాళ్లుగా వచ్చారు. ఆ వేషం ఎంత కుదిరిందంటే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వచ్చారు, 1950లో సొంత సిరీస్ కూడా మొదలైంది. ఇలాంటివాళ్ల కోసం 'మళ్లీ మళ్లీ వచ్చే అతిథి' అని ఇంకో గడి ఉంచుకోవడం మంచిది.

అడుగు 1: ఖాళీ పట్టిక సిద్ధం చేయండి

ఏ స్ప్రెడ్‌షీట్ అయినా చాలు. గడులు ఇవి: ప్రసార తేదీ, వారం (సోమవారమో, మంగళవారమో), రికార్డ్ చేసిన తేదీ, షో పేరు, స్పాన్సర్, నెట్‌వర్క్, నడిపినవాళ్లు, తార చేసినది (పాట, సంభాషణ, స్కెచ్), పాటల పేర్లు, ఆధారం, ఆధారం స్థాయి, ఫైలు నిడివి, వేగం సవరణ. ప్రసార తేదీకీ రికార్డ్ చేసిన తేదీకీ వేర్వేరు గడులు తప్పనిసరి. ఎందుకో తర్వాత వస్తుంది.

పాటలు ఎక్కించిన తర్వాత సినిమా విడుదల తేదీలను కూడా ఇదే షీట్‌లో వేరే రంగుతో నింపండి. అతిథి ప్రదర్శనలు విడుదలల చుట్టూ గుంపుగా ఉంటాయి, ఎందుకంటే వాటిలో చాలా వరకు సినిమా ప్రచారమే. 'ద విజార్డ్ ఆఫ్ ఆజ్' 1939 ఆగస్టులో విడుదలైంది. దానికి దాదాపు రెండు నెలల ముందే, జూన్ 29న, 'గుడ్ న్యూస్' ఒక ఎపిసోడ్‌ను ఆ సినిమా ముచ్చట్లకే ఇచ్చింది. జూడీ 'ఓవర్ ద రెయిన్‌బో' పాడింది. ఆ పాటను కట్టిన హెరాల్డ్ ఆర్లెన్, రాసిన యిప్ హార్బర్గ్ కూడా అందులో ఉన్నారు. వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు ప్రతి సినిమాకూ విడుదలకు ముందు పది వారాలు, తర్వాత నాలుగు వారాలు చూడండి.

అడుగు 2: ఏ పేరుతో, ఎక్కడ వెతకాలి

షో పేరుతో వెతికితే సగం తప్పిపోతాయి. అప్పట్లో షో పేరంటే స్పాన్సర్ పేరే. బాబ్ హోప్ షో పేపర్లో 'పెప్సొడెంట్' అని ఉంటుంది, ఎడ్గర్ బెర్గెన్ షో 'చేజ్ అండ్ శాన్‌బర్న్' అని, బింగ్ క్రాస్బీది కాలాన్ని బట్టి 'క్రాఫ్ట్', 'ఫిల్కో', 'చెస్టర్‌ఫీల్డ్' అని. ఒకే మనిషికి మూడు పేర్లతో మూడుసార్లు వెతకాలి.

తార పేరులోనూ చిక్కుంది. జూడీ అసలు పేరు ఫ్రాన్సెస్ గమ్. 1935కు ముందు గమ్ సిస్టర్స్, గార్లండ్ సిస్టర్స్ అని వెతకాలి. గార్లండ్ అనే మాటకు ఇంగ్లిష్‌లో పూలదండ అనే అర్థం ఉండడంతో పేపర్ల స్కాన్లలో పెళ్లి వార్తలన్నీ వచ్చి పడతాయి. పక్కన షో నడిపే మనిషి పేరు కూడా చేర్చి వెతికితే ఆ చెత్త చాలావరకు పోతుంది.

ఆధారాల కోసం ముఖ్యంగా ఐదు చోట్లు చూడండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత రేడియో సేకర్తలు పెట్టిన ఎపిసోడ్లు. జె. డేవిడ్ గోల్డిన్ తయారుచేసిన 'రేడియోగోల్డిన్‌డెక్స్' సూచిక (ఇందులో షో పేరుతోనూ, కళాకారుల పేరుతోనూ వెతకవచ్చు). 'వరల్డ్ రేడియో హిస్టరీ'లో స్కాన్ చేసిన 'బ్రాడ్‌కాస్టింగ్', 'రేడియో డైలీ' లాంటి వ్యాపార పత్రికలు. 'మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ'లో 'రేడియో మిర్రర్' లాంటి అభిమాన పత్రికలు. చివరగా అమెరికన్ దినపత్రికల రోజువారీ రేడియో పట్టికలు. పత్రికల స్కాన్లలో అక్షరాలను యంత్రం తప్పుగా చదివిన సందర్భాలు బోలెడు. వెతికితే రానంత మాత్రాన లేదని కాదు. ఆ వారం పేజీలు తెరిచి కళ్లతో చూడాల్సిందే.

సైనికుల కోసం చేసిన షోలు పేపర్లో దొరకవు. యుద్ధకాలంలో సైన్యం కోసం తయారైన 'కమాండ్ పర్ఫార్మెన్స్', 'మెయిల్ కాల్' డిస్కుల మీద విదేశాల్లోని సైనికులకు వెళ్లేవి. ప్రత్యేక సందర్భాల్లో తప్ప సొంత దేశంలో ప్రసారం లేదు, అందుకే పట్టికల్లో ఆ లైనే ఉండదు. వివిధభారతిలో సినీతారలు జవాన్ల కోసం నడిపిన 'జయమాల' విన్నవారికి ఈ షోల తీరు ఇట్టే అర్థమవుతుంది. క్రాస్బీ, హోప్, సినాట్రా, డైనా షోర్‌తో పాటు జూడీ స్నోఫ్లేక్ వేషం వేసిన 'డిక్ ట్రేసీ ఇన్ బి ఫ్లాట్' 'కమాండ్ పర్ఫార్మెన్స్'లోదే. 1945 ఫిబ్రవరి 15 తేదీతో చలామణిలో ఉంది. ఆ రోజు పేపర్లు తిరగేసి లాభం లేదు.

అడుగు 3: ఆధారానికి స్థాయి ఇవ్వండి

నాలుగు స్థాయిలు చాలు. 'క' అంటే రికార్డింగ్ ఉంది, గొంతు వినిపించింది, అనౌన్సర్ పేరు చెప్పాడు. 'ఖ' అంటే స్క్రిప్టో, నెట్‌వర్క్ కాగితమో ఉంది. 'గ' అంటే పేపర్ పట్టికలో ముందస్తు ప్రకటన మాత్రమే. 'ఘ' అంటే తర్వాతి కాలపు జాబితాల్లో ఉంది, మూలం తెలియదు.

'గ'ను 'క'తో కలిపేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. పట్టిక ప్రసారానికి ముందే అచ్చవుతుంది. అతిథికి జ్వరం రావచ్చు, షూటింగ్ ఆలస్యం కావచ్చు, యుద్ధ వార్త షోనే మింగేయవచ్చు. మరుసటి వారం పత్రికలో సమీక్ష దొరికితే అప్పుడు 'గ'ను ఒక మెట్టు పైకి తీసుకోండి.

స్క్రిప్టు ఉన్నా ప్రసారం అలాగే జరిగిందని అనుకోకూడదు. 1937 డిసెంబర్ 12న 'చేజ్ అండ్ శాన్‌బర్న్ అవర్'లో నటి మే వెస్ట్ ఆదాము-హవ్వ స్కెచ్ చేసింది. రచన ఆర్చ్ ఓబొలర్‌ది. కాగితం మీద నెట్‌వర్క్ వాళ్లకు అభ్యంతరం కనిపించలేదు. ఆమె పలికిన తీరుతో అదే మాటలు దుమారం రేపాయి, ఆ నెట్‌వర్క్ ఎన్‌బీసీ ఆమెను దూరం పెట్టింది. తార అతిథిగా ఏం చేసిందో స్క్రిప్టు పూర్తిగా చెప్పలేదని దీన్ని విన్నవారెవరైనా ఒప్పుకుంటారు.

అడుగు 4: ఫైలు ఎంచుకోవడం, మూడుసార్లు వినడం

ఒకే ఎపిసోడ్‌కు నాలుగైదు ఫైళ్లు దొరుకుతాయి. అరగంట షో 128 కిలోబిట్ ఎంపీ3 అయితే సుమారు 29 ఎంబీ ఉంటుంది, 64 అయితే 14 ఎంబీ, 32 అయితే 7 ఎంబీ. 7 ఎంబీ ఫైళ్లు డయలప్ ఇంటర్నెట్ రోజుల నాటివి. వయొలిన్లు, చప్పట్లు నీళ్లలో మునిగినట్టు గిరగిర తిరుగుతాయి. వాటిని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. అయితే పెద్ద ఫైలు కచ్చితంగా మంచిదనీ కాదు. 32 కిలోబిట్ ఫైలునే మళ్లీ 128గా మార్చి పెట్టినవాళ్లు ఉన్నారు. ఆడాసిటీ అనే శబ్దం సవరించే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) తెరిస్తే, ఎంత పెద్ద ఫైలైనా 5,000 హెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అనుమానించండి. అసలు రికార్డింగ్‌లో శబ్దం పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది, పైన డిస్కు బరబర మిగిలే ఉంటుంది.

మొదటిసారి మొదలూ చివరా మాత్రమే వినండి: షో పేరు, స్పాన్సర్, నెట్‌వర్క్ గుర్తు, వచ్చే వారం ఎవరొస్తారన్న మాట. ఈ చివరి మాట చాలా విలువైనది. దాంతో మరుసటి ఎపిసోడ్‌ను కూడా గుర్తుపట్టవచ్చు. రెండోసారి మొత్తం విని పాటలు, ప్రస్తావనలు నిమిషాలతో సహా రాయండి. మూడోసారి హెడ్‌ఫోన్‌తో అతుకుల కోసం వినండి. అప్పట్లో ప్రసారాలను రికార్డ్ చేసే ట్రాన్స్‌క్రిప్షన్ డిస్కు 16 అంగుళాలది, నిమిషానికి 33⅓ చుట్లు, ఒక వైపు పావుగంట పడుతుంది. అరగంట షోకు రెండు వైపులు. కాబట్టి 14-15 నిమిషాల దగ్గర ఒక అతుకు సహజం. అక్కడ కాక పాటకు ముందో వెనకో అతుకు వినిపించి, చప్పట్ల తీరు, గది మోత ఒక్కసారిగా మారితే, ఎవరో డెకా రికార్డునో సినిమా సౌండ్‌ట్రాక్‌నో తెచ్చి దూర్చారేమో చూడాలి. పాటను ఆ రెండింటితో పక్కపక్కన పెట్టి వింటే నిమిషంలో తెలిసిపోతుంది.

అడుగు 5: తేదీ తేల్చడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఫైలు పేరులోని తేదీని ఆధారంగా తీసుకోకండి. అది ఎవరో ఎప్పుడో టైప్ చేసింది.

మొదట వారం సరిచూడండి. స్పాన్సర్ షోలు సీజన్ అంతా వారంలో ఒకే రోజు, ఒకే గంటకు వచ్చేవి. షెల్ షాటో శనివారం, పెప్సొడెంట్ మంగళవారం, గుడ్ న్యూస్ గురువారం, చేజ్ అండ్ శాన్‌బర్న్ ఆదివారం. ఫోన్ క్యాలెండర్‌లో పాత సంవత్సరానికి వెళ్లి చూడండి. 1935 అక్టోబర్ 26 శనివారం, సరిపోయింది. 1939 జూన్ 29 గురువారం, సరిపోయింది. పెప్సొడెంట్ ఎపిసోడ్‌కు బుధవారం తేదీ కనిపిస్తే ఆ తేదీ తప్పని అక్కడికక్కడే తెలుస్తుంది.

షో పేరులోని సంవత్సరం మోసం చేస్తుంది. 'గుడ్ న్యూస్ ఆఫ్ 1938' మొదలైంది 1937 నవంబర్ 4న. పేరు చూసి మొత్తం సీజన్‌ను 1938లో పడేసిన జాబితాలు ఉన్నాయి.

తర్వాత లోపలి ఆధారాలు. పాట దాని సినిమాకు చాలా ముందు రాదు. 'ద ట్రాలీ సాంగ్' 1944 నాటి 'మీట్ మీ ఇన్ సెయింట్ లూయిస్'లోది. అది వినిపించే ఫైలు మీద 1942 అని ఉంటే తప్పే. యుద్ధ రుణాల (యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం జనానికి బాండ్లు అమ్మిన విడతల) ప్రచారం ఇంకా సన్నటి కొలత. ఆరో యుద్ధ రుణం అన్న మాట వస్తే 1944 నవంబర్ 20కి డిసెంబర్ 16కి మధ్య ప్రసారం అయ్యే అవకాశం ఎక్కువ. ఏడోది అయితే 1945 మే 14 నుంచి జూన్ 30. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మరణించాక కొన్ని రోజులు నెట్‌వర్కులు వినోదాన్ని ఆపేశాయి. ఏప్రిల్ 13, 14 తేదీలతో నవ్వుల షో దొరికితే దాన్ని అనుమానంతోనే వినండి.

1941 కోసం ఒక ప్రత్యేకమైన పరీక్ష ఉంది, తక్కువమంది వాడతారు. ఆ సంవత్సరం జనవరి 1 నుంచి పాటల స్వరకర్తలు, రచయితల సంఘం ఆస్కాప్‌కూ నెట్‌వర్కులకూ రుసుముల గొడవ నడిచింది. ఎన్‌బీసీ, సీబీఎస్‌లలో అక్టోబర్ ఆఖరు దాకా ఆస్కాప్ సభ్యుల పాటలు వినిపించలేదు. ఆర్లెన్, కోల్ పోర్టర్, ఇర్వింగ్ బెర్లిన్ అంతా ఆస్కాప్‌లోనే. 1941 మార్చి అని రాసి ఉన్న ఎన్‌బీసీ షోలో తార బెర్లిన్ పాట పాడుతుంటే తేదీ తప్పు. ఆ నెలల్లో హక్కులు తీరిపోయిన పాత జానపదాలు, లాటిన్ అమెరికా పాటలే ఎక్కువగా వినిపిస్తాయి.

మైక్ ముందు చెప్పిన మాటలను కూడా తూచి తీసుకోవాలి. షెల్ షాటోలో బీరీ జూడీని పన్నెండేళ్ల పిల్ల అని పరిచయం చేశాడు. ఆమె పుట్టింది 1922 జూన్ 10న. అప్పటికి పదమూడు నిండాయి. ఆ మాట పట్టుకుని లెక్కకడితే ప్రసారాన్ని ఏడాది వెనక్కి నెట్టేస్తారు.

ఒకే తేదీకి రెండు వేర్వేరు రికార్డింగులు దొరికితే కంగారు పడకండి. తూర్పు తీరంలో రాత్రి 7కు వచ్చే షో పడమటి తీరంలో సాయంత్రం 4కే పడుతుంది. అందుకని చాలా షోలను కొన్ని గంటల తర్వాత పడమటి వారి కోసం మళ్లీ మొదటి నుంచి ఆడేవారు. రికార్డింగ్ వేయడానికి పెద్ద నెట్‌వర్కులు ఒప్పుకునేవి కావు. కాబట్టి అదే రాత్రి జూడీ అదే పాటను రెండుసార్లు పాడి ఉండవచ్చు, హాస్యంలో ఒక తడబాటు ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేకపోవచ్చు. ఇవి నకళ్లు కావు, రెండూ దాచుకోవలసినవి.

ఈ పద్ధతిని 1946 అక్టోబర్ 16న బింగ్ క్రాస్బీ మార్చాడు. ఏబీసీలో మొదలైన 'ఫిల్కో రేడియో టైమ్' ముందే డిస్కుల మీద రికార్డయి వచ్చేది, మరుసటి సీజన్ నుంచి టేపు మీద. టేపు వచ్చాక కత్తిరింపు తేలికైంది. ఎక్కువ నిడివి రికార్డ్ చేసి, బాగున్నది ఉంచి, మిగిలిన పాటను ఇంకో వారానికి వాడేవారు. 1950 అక్టోబర్ నుంచి చెస్టర్‌ఫీల్డ్ సిగరెట్ల షోలో జూడీ క్రాస్బీతో కలిసి పాడిన ఎపిసోడ్లు ఇలాంటివే. పట్టికలో రికార్డ్ చేసిన తేదీకి వేరే గడి పెట్టమన్నది ఇందుకే.

సైనిక రేడియో డిస్కులతో ఇంకో పేచీ ఉంది. మామూలు నెట్‌వర్క్ షోల నుంచి ప్రకటనలు కోసేసి, ఖాళీని సంగీతంతో నింపి, కొత్త నంబర్ వేసేవారు. క్రాఫ్ట్ మాట ఎగిరిపోయి 'మ్యూజిక్ హాల్' మిగిలేది. డిస్కు మీది నంబర్‌కూ అసలు ప్రసార తేదీకీ నేరుగా లంకె లేదు. అలాంటి ఫైలు దొరికితే పాటల వరుసనూ అతిథుల పేర్లనూ నెట్‌వర్క్ పట్టికలతో పోల్చి అసలు తేదీ పట్టాలి.

అడుగు 6: వేగం, శ్రుతి సరిచేయడం

డిస్కు నుంచి టేపుకు, టేపు నుంచి క్యాసెట్‌కు, అక్కడి నుంచి కంప్యూటర్‌కు వచ్చేసరికి వేగం మూడు నుంచి ఆరు శాతం తప్పడం మామూలే. ఆరు శాతం అంటే ఒక స్వరస్థానం మొత్తం. జూడీ గొంతు పదమూడేళ్లకే లోతైనది. ఫైలు వేగంగా తిరిగితే ఆ లోతు పోయి సన్నని పిల్ల గొంతు అవుతుంది, ఆమె ఎందుకు అందరినీ ఆశ్చర్యపరిచిందో అర్థం కాదు.

మొదటి గుర్తు నిడివి. అరగంట షో దాదాపు 29½ నిమిషాలు. ఏమీ కోత లేకుండా 28 నిమిషాలే వస్తే సుమారు 5 శాతం వేగంగా ఉందని అనుకోవచ్చు.

ఎన్‌బీసీ షో అయితే పని తేలిక. చివర్లో నెట్‌వర్క్ గుర్తుగా మూడు స్వరాల గంటలు మోగుతాయి. ఇవి చేత్తో కొట్టినవి కాకుండా 1930ల తొలినాళ్ల నుంచి యంత్రంతో వచ్చినవి కాబట్టి శ్రుతి నిలకడగా ఉంటుంది. స్వరాలు పాశ్చాత్య పద్ధతిలో జి, ఇ, సి. ఒకటి శ్రుతిలో పాడుకుంటే మంద్ర పంచమం, అంతర గాంధారం, షడ్జం. 196, 329.6, 261.6 హెర్ట్జ్. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెనో ఫోన్ తంబురానో ఒకటికి పెట్టి మూడో గంటతో కలిపి వినండి. కలిస్తే వేగం సరే. లెక్క కావాలంటే ఆడాసిటీలో ఆ గంట ఒక్కదాన్నే ఎంచుకుని, స్పెక్ట్రమ్ ప్లాట్ తెరిచి, సైజు 16384 పెట్టి శిఖరం ఎక్కడుందో చూడండి. 275 చూపిస్తే 261.6ను 275తో భాగించండి: 0.951. అంటే వేగం 4.9 శాతం తగ్గించాలి.

గంటలు లేని సీబీఎస్, ఏబీసీ, సైనిక డిస్కులకు కరెంటు గుయ్‌మనే మోత ఆధారం. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. మాటల మధ్య నిశ్శబ్దం పది సెకన్లు ఎంచుకుని, సైజు 65536 పెట్టి చూడండి. మోత 57.5 దగ్గర ఉంటే 60ని 57.5తో భాగించగా 1.043. వేగం 4.3 శాతం పెంచాలి. ఇక్కడ ఒక ప్రమాదం: కచ్చితంగా 60 దగ్గరో, బ్రిటన్‌లో నకలు తీసిన ఫైలైతే 50 దగ్గరో కనిపించే శిఖరం, తర్వాత కాపీ చేసిన యంత్రానిది కావచ్చు. దాని పక్కన రెండో శిఖరం ఉంటే అదే డిస్కులోది. రెండో శిఖరం లేకపోతే ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు అదే పాట సినిమాలో ఏ శ్రుతిలో ఉందో చూసి అంచనా వేయండి. రేడియోకు వేరే శ్రుతిలో పాడి ఉండే వీలుంది కాబట్టి దాన్ని అంచనా అనే రాయండి.

సవరణకు 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్' వాడండి. పిచ్ ఒక్కటే, టెంపో ఒక్కటే మార్చేవి వాడితే శబ్దం చెడుతుంది, పైగా తప్పు తీరదు. డిస్కు రెండు వైపులకూ రెండు వేగాలు ఉండవచ్చు. అతుకు దగ్గర శ్రుతి ఎగిరినట్టు వినిపిస్తే ఫైలును అక్కడ చీల్చి ఒక్కో భాగాన్ని విడిగా కొలవండి.

అడుగు 7: శుభ్రం చేయడం, తక్కువగా

వేగం కొలిచాకే మోత తీసేయాలి. ముందే తీసేస్తే కొలవడానికి ఏమీ మిగలదు. వరుస ఇది: చిటపటలకు క్లిక్ రిమూవల్, 60 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క మోతనే కోసేది; 120, 180 దగ్గర కూడా మోత ఉంటేనే అక్కడా), 80 హెర్ట్జ్ కింద కోత, చివర్లో శిఖరం మైనస్ 3 డెసిబెల్‌కు వచ్చేలా నార్మలైజ్. పై భాగంలో కోత 7,000 హెర్ట్జ్ కంటే కిందకి దించకండి, మాటల్లోని సకారాలు పోతాయి.

నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్‌తో మొదలుపెట్టి 9 దగ్గర ఆగండి. 15, 20కి వెళ్లినవారి ఫైళ్లలో చప్పట్లు బుడగల చప్పుడైపోయాయి. వెరైటీ షోలో హాల్లోని జనం కూడా పాత్రధారులే. పాట ముగిసీ ముగియకముందే వాళ్లు ఎలా లేచారో వినబడాలి. ప్రకటనలు కూడా కోయకండి. తేదీ, స్పాన్సర్ తేల్చే సాక్ష్యం వాటిలోనే ఉంటుంది.

అడుగు 8: దాచడం, పంచడం

దించుకున్న ఫైలును ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో ఉంచండి. సవరించినదాన్ని ఫ్లాక్‌గా (శబ్దం ఏమాత్రం పోగొట్టని ఫార్మాట్) దాచండి. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది. పేరు తేదీతో మొదలుపెడితే ఫైళ్లు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి: 1935-10-26_షెల్-షాటో_గార్లండ్. తేదీలో అనుమానం ఉంటే తెలియని భాగానికి సున్నాలు పెట్టండి: 1944-11-00. వేగం ఎంత శాతం మార్చారో, ఏ ఫైలు నుంచి తీశారో పట్టికలో రాయండి. రేపు ఇంకొకరికి మెరుగైన డిస్కు దొరికితే మీ లెక్క సరిచూసుకోగలగాలి. రెండు డ్రైవ్‌లలో కాపీ, మూడోది ఇంటి బయట.

పాత రేడియో అంతా హక్కులు లేనిదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. 2018 నాటి అమెరికన్ చట్టం 1972కు ముందరి శబ్ద రికార్డింగులకు కూడా రక్షణ ఇచ్చింది. 1923-46 మధ్య ప్రచురించిన వాటికి 100 ఏళ్లు, 1947-56 మధ్యవాటికి 110 ఏళ్లు. పాటల హక్కులు వేరే, స్క్రిప్టు హక్కులు వేరే. ఇంట్లో విని పరిశోధించడం ఒకటి, యూట్యూబ్‌లో పెట్టి డబ్బు సంపాదించడం ఇంకొకటి. పంచుకోవాలనుకుంటే మీ పట్టికను పంచుకోండి: తేదీలు, పాటలు, ఆధారం స్థాయి, వేగం సవరణ. అవి మీ కష్టం, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 'ఘ' స్థాయిలో ఉన్న లైన్లను తీసేయకుండా ఆ అక్షరంతోనే ఉంచి పంచండి. ఎక్కడో ఎవరి అటకమీదో ఉన్న డిస్కు లేబుల్‌తో ఆ లైను 'క' కావచ్చు.